పచ్చలైటు నమ్ముకుని వేటకు పోతే

(వేట నిషేధం రోజుల్లో కాకినాడ ఏటిమొగలో బోటు యజమానులు, బోటు నడిపించే సరంగులు, డ్రైవర్ల ముందు ఒక బోటు ఎలక్ట్రీషియన్ చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయిన వారి కోసం రికార్డింగు విని రాశాం.)

అందరికీ నమస్కారం. కూర్చోండి, కూర్చోండి. ముందు వరసలో చోటుంది, వెనక నిలబడ్డ తమ్ముళ్ళు ఇలా వచ్చేయండి. ఈ టేబులు మీద ఉన్న బ్యాటరీని మాత్రం ఎవరూ ముట్టుకోకండి. దాని సంగతి చివర్లో చూద్దాం. ఇది మన బోట్లలోదే. ఎవరిదో చెప్పను, ఆయన ఇక్కడే కూర్చున్నారు. నిన్న సాయంత్రం నాలుగింటికి, ఎండ ఉండగానే విప్పుకొచ్చాం. విప్పే ముందు మీటరు పెడితే 13.7 వోల్టులు చూపించింది. ఆయన నాతో ఏమన్నారు? "చూశారా, పన్నెండు వోల్టుల బ్యాటరీలో పదమూడుంపావు దాటి ఉంది, నిండిపోయి పొర్లుతోంది" అన్నారు. సరే బాబాయ్ అన్నాను. రాత్రంతా దీనికి ఒక్క వైరు కూడా తగిలించలేదు. వెళ్ళేముందు మీ చేతే మీటరు పెట్టిస్తాను.

నేను చదువుకుని ఈ పనిలోకి వచ్చినవాణ్ణి కాదు. డైనమోలు విప్పుతూ, సెల్ఫ్ మోటార్లు బాగుచేస్తూ నేర్చుకున్నాను. సోలారు వచ్చాక అదీ నేర్చుకున్నాను. నేర్చుకోవడానికి మీ బోట్లే కాదు, నా పరువు కూడా కొంచెం ఖర్చయింది. ముందు ఆ ఖర్చు సంగతి చెప్తాను.

చాలా ఏళ్ళ కిందట ఒక బోటుకి సోలారు ప్యానెల్ బిగించాను. వంద వాట్లది. వీల్‌హౌస్ పైకప్పు మీద పెట్టి, లోపల, ప్యానెల్ నుంచి బ్యాటరీకి వెళ్ళే కరెంటుని అదుపు చేసే కంట్రోలరు తగిలించి, దాని మీద పచ్చలైటు వెలుగుతుంటే సరంగుకి చూపించి, "ఈ పచ్చలైటు వెలిగినంతకాలం నీకు టెన్షన్ లేదు తమ్ముడూ" అన్నాను. ఆ మాట అన్నది నేనే. ఒక రెండు నెలలు బాగానే ఉంది. ఆ తర్వాత ఓ వేటకి నన్ను కూడా తీసుకెళ్ళారు, నీటి లోతు చూపించే ఎకో సౌండరు ఏదో మొరాయిస్తోందని. అంతర్వేది దక్షిణాన ఉన్నాం. రాత్రి రెండున్నరకి మొదట జీపీఎస్ తెర ఆరింది. తర్వాత వైర్‌లెస్ మూగబోయింది. తర్వాత పై లైటు పసుపు పచ్చగా మారి, ఎర్రగా మారి, పోయింది. పెద్ద ఓడలు తిరిగే దారిలో దీపం లేని బోటు. ఒక కలాసీ తెల్లారేదాకా టార్చి పట్టుకుని కూర్చున్నాడు. నేను ఎవరి మొహం చూడగలను?

తెల్లారింది. ఎండ వచ్చింది. కంట్రోలరు మీద పచ్చలైటు చక్కగా వెలుగుతోంది! నిక్షేపంలా వెలుగుతోంది. కంట్రోలరు దగ్గర మీటరు పెట్టాను, 14.4. అదే మీటరు తీసుకెళ్ళి బ్యాటరీ బొడిపెల మీద, అంటే వైర్లు తగిలించే టెర్మినళ్ళ మీద పెట్టాను, 12.4. ఇక్కడ పద్నాలుగున్నర, అక్కడ పన్నెండున్నర. మధ్యలో రెండు వోల్టులు ఎవరు తిన్నారండీ?

ఫ్యూజు హోల్డరు తినేసింది. ఉప్పుగాలికి లోపల పచ్చటి చిలుము పట్టింది. చెయ్యి పెడితే కాలింది. కంట్రోలరుకి కళ్ళు తన దగ్గరే ఉన్నాయి, బ్యాటరీ దగ్గర లేవు. తన దగ్గర 14.4 కనపడగానే బ్యాటరీ నిండిందనుకుని కరెంటు తగ్గించేసింది. రోజూ అదే పని. బ్యాటరీ రోజూ ఆకలితో పడుకుంటోంది, కంట్రోలరు రోజూ వడ్డించేశానని చేతులు దులుపుకుంటోంది.

మరి పచ్చలైటు అబద్ధం చెప్పిందా? లేదు. చాలా కంట్రోలర్లలో ఆ లైటుకి అర్థం, ప్యానెల్‌కి ఎండ తగులుతోంది అని. అంతే. బ్యాటరీకి వెళ్ళింది అని అది ఎప్పుడూ అనలేదు. అలా అనుకున్నది నేను.

కాబట్టి మొదటి పరీక్ష రాసుకోండి. ఖర్చు లేనిది. మంచి ఎండలో, చార్జింగు ఎక్కువగా వెళ్తున్నప్పుడు, కంట్రోలరు దగ్గర ఒక రీడింగు, బ్యాటరీ బొడిపెల మీద ఒక రీడింగు తీయండి. క్లిప్పుల మీద కాదు, సీసం బొడిపె మీదే. రెండింటికీ తేడా పావు వోల్టు దాటితే మధ్యలో ఎవరో తింటున్నారు. ఫ్యూజా, క్లిప్పా, సన్నటి వైరా, వెతికి పట్టుకోవాలి. వైరంటే గుర్తొచ్చింది. ఇంటి వైరింగులో మిగిలిన రెండున్నర ఎంఎం వైరు బోటుకి లాగేస్తారు కదా? ప్యానెల్ నుంచి బ్యాటరీకి పది మీటర్లుంటే, వెళ్ళను పది, రాను పది, ఇరవై మీటర్లు. పది ఆంపియర్లు పంపితే ఆ వైరే సుమారు 1.4 వోల్టులు మింగుతుంది. ఆరు ఎంఎం వేస్తే అర వోల్టు చిల్లర. బోటు పెద్దదైతే పది ఎంఎం వెయ్యండి, డబ్బు మళ్ళీ వస్తుంది. తగరం పూత పూసిన రాగి తీగ దొరికితే ఇంకా మంచిది, చిలుము అంత త్వరగా పట్టదు.

ఇప్పుడు వోల్టుల సంగతి. ఇది కొంచెం శ్రద్ధగా వినండి, ఇక్కడే అందరం పొరబడతాం.

మీరు చేపల బుట్ట తూకం వేస్తున్నారు. కుర్రాడొకడు బుట్ట మీద చెయ్యి వేసి నొక్కుతున్నాడు. ఆ తూకం ఒప్పుకుంటారా? ఒప్పుకోరు. "చెయ్యి తియ్యరా" అంటారు. చార్జింగు వెళ్తున్నప్పుడు చూసే వోల్టులు అలాంటి తూకమే. ప్యానెల్ పైనుంచి నొక్కుతోంది కాబట్టి ముల్లు ఎక్కువ చూపిస్తుంది. లైట్లు, పంపులు నడుస్తున్నప్పుడు చూసేది దీనికి ఎదురు, కిందనుంచి ఎవరో బుట్టని ఎత్తి పట్టుకున్నట్టు. రెండూ తూకాలు కావు. చెయ్యి తీశాక, బ్యాటరీ కొన్ని గంటలు ఊరుకున్నాక చూసిందే తూకం.

అలా ఊరుకున్న మామూలు సీసం బ్యాటరీ 12.7 చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పాతిక. 12.2 అంటే సగం. 12.0 అంటే పావు. 11.8 అంటే అడుగంటింది. చూశారా, నిండు బ్యాటరీకీ ఖాళీ బ్యాటరీకీ మధ్య ఒక్క వోల్టు కూడా లేదు! అందుకే ముల్లు తిరిగే పాత మీటరుతో ఇది తేలదు. మూడు నాలుగు వందల రూపాయల డిజిటల్ మీటరు చాలు, కాని దశాంశం తర్వాత రెండు అంకెలు చూపించేది తీసుకోండి.

"మా బోటులో బ్యాటరీ ఊరుకునేది ఎప్పుడండీ, రాత్రి లైట్లు, పగలు ప్యానెల్" అంటారు. నిజమే. దానికో సమయం ఉంది. తెల్లవారుజామున, సూర్యుడు ఇంకా పైకి రాకముందు. ప్యానెల్ చెయ్యి పొద్దుగూకినప్పుడే తీసేసింది. పైపైన నిలిచిన దొంగ వోల్టులు ఏవైనా ఉంటే రాత్రి లైట్లే తినేశాయి. లైట్లు ఆపి, ఇరవై నిమిషాలో అరగంటో ఆగి, టీ తాగి, మీటరు పెట్టండి. అచ్చంగా తూకం కాకపోయినా దగ్గరగా వస్తుంది. రోజూ అదే సమయానికి చూసి పుస్తకంలో రాయండి. ఒక్క రోజు అంకెకి అర్థం లేదు. పది రోజుల అంకెలు వరసగా రాస్తే కథ చెప్తాయి. 12.5, 12.5, 12.4, 12.3, 12.2... ఇలా దిగుతుంటే మీ వాడకం మీ ఎండని మించిపోయింది. దానికి ఎలక్ట్రీషియన్ అక్కర్లేదు, పెన్ను చాలు.

మించిపోయింది అంటే ఎంత? లెక్క వేద్దాం. వంద వాట్ల ప్యానెల్ రోజుకి ఎంత ఇస్తుంది? ఎవరైనా చెప్పండి. పన్నెండు గంటలు ఎండ, పన్నెండు వందలా? అంత ఇస్తే నేనూ ఇంకో నాలుగు కొని ఇంటి మీద వేసుకుందును. మన తీరంలో మంచి రోజున, నడినెత్తిన కాసే ఎండని కొలమానంగా పెట్టుకుంటే, రోజు మొత్తం కలిపి ఐదు గంటల ఎండ కిందకి వస్తుంది. అంటే ఐదు వందల వాట్-గంటలు. అందులో వేడికి కొంత, ఉప్పుపొరకి కొంత, వైర్లకి కొంత, ప్యానెల్ బల్లపరుపుగా పడుకున్నందుకు కొంత పోతే మూడు వందల యాభై చేతికొస్తుంది. బ్యాటరీ భాషలో పాతిక నుంచి ముప్పై ఏహెచ్, అంటే ఆంపియర్-గంటలు. మబ్బు పట్టిన రోజున అందులో ఐదో వంతు వచ్చినా వచ్చినట్టే.

ఇప్పుడు ఖర్చు వైపు. పాత పద్ధతిలో పైలైటు, ఎడమ ఎర్రది, కుడి పచ్చది, వెనకది, నాలుగు బల్బులు, ఒక్కోటి పాతిక వాట్లు. నాలుగూ కలిపి ఎనిమిది ఆంపియర్లు పైనే. పదకొండు గంటల రాత్రికి తొంభై ఏహెచ్! వచ్చేది ముప్పై, పోయేది తొంభై. ఆ ఇల్లు ఎన్నాళ్ళు నిలబడుతుంది? అదే ఎల్ఈడీ వేస్తే, ఒక్కోటి మూడు వాట్లు, రాత్రంతా కలిపి పదకొండు ఏహెచ్. ప్యానెల్ ఇంకోటి కొనేముందు బల్బులు మార్చండి అని నేను ఊరికే అనను. మార్చేటప్పుడు దూరానికి కనపడేలా, నావిగేషన్ కోసమే చేసినవి తీసుకోండి. పండగ సీరియల్ బల్బులు కాదు.

వైర్‌లెస్ సంగతి ఏమిటంటే, వింటూ కూర్చుంటే అర ఆంపియరు కూడా తినదు. బటన్ నొక్కి మాట్లాడితే మాత్రం పాతిక వాట్ల సెట్టు ఐదారు ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ నీరసంగా ఉన్నప్పుడు వినపడుతుంది, మాట్లాడబోతే సెట్టు ఆగిపోతుంది. ఆపదలో మనకి కావాల్సింది మాట్లాడటమే కదా? ఇప్పుడు ఇస్రో తయారుచేసిన ట్రాన్స్‌పాండర్లు కూడా బోట్లకి ఇస్తున్నారు. తుపాను కబురు అందాలన్నా, ప్రమాదంలో ఉన్నామని మనం చెప్పాలన్నా దానికీ కరెంటు కావాలి.

ఇలా రాకడ, పోకడ చూస్తున్నాం అంటే ఏమిటి? చిట్టా రాస్తున్నాం. మీకు చిట్టా, ఆవర్జా కొత్త కాదు. డీజిల్‌కి, ఐసుకి, బత్తాకి పైసాతో సహా రాస్తారు. బ్యాటరీకి కూడా ఆ చిట్టా రాసిపెట్టే గుమాస్తా ఒకడున్నాడు. వాడి పేరు షంట్.

ఇదిగో, ఇదే. చూడ్డానికి రెండు ఇత్తడి దిమ్మల మధ్య ఒక రేకు. బ్యాటరీ నెగటివ్ వైరులో దీన్ని బిగిస్తాం. బ్యాటరీలోకి వచ్చే ప్రతి ఆంపియరూ, పోయే ప్రతి ఆంపియరూ దీని మీదుగానే నడవాలి. నడిచినప్పుడు ఈ రేకు రెండు చివరల మధ్య రవ్వంత వోల్టేజి పుడుతుంది. దీని మీద ఏం రాసుందో చూడండి, 100 ఏ, 75 ఎంవీ. అంటే వంద ఆంపియర్లు నడిస్తే వోల్టులో వెయ్యో వంతులు డెబ్భై ఐదు. ఆ కాస్తని చదివి, గంటల లెక్కతో గుణించి, "ఇప్పుడు నిల్వ ఇంత" అని చిన్న తెర చెప్తుంది. కంట్రోలరు తెర చెప్పేది వచ్చిన జమ మాత్రమే. షంట్ జమా ఖర్చూ రెండూ చెప్తుంది.

కాని గుమాస్తా కదా, వాడికి తెలియకుండా దొడ్డిదారిన సరుకు పోతే? ఒక బోటులో తెర 90 శాతం అంటోంది, సెల్ఫ్ కొడితే టక్ అని కూడా అనడం లేదు. రెండు గంటలు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. చివరికి చూస్తే బోటు అడుగున చేరిన నీళ్ళు తోడే పంపు నెగటివ్ వైరు, షంట్ దాటి, తిన్నగా బ్యాటరీ బొడిపెకే తగిలించి ఉంది. పంపు రాత్రంతా నడిచింది, చిట్టాలో ఒక్క ఆంపియరు కూడా పడలేదు. అందుకని బ్యాటరీ నెగటివ్ బొడిపె మీద ఒకే ఒక్క వైరు ఉండాలి, షంట్‌కి వెళ్ళేది. మిగతావన్నీ షంట్ అవతలి వైపే. ప్యానెల్‌ది, డైనమోది, పంపుది, చివరికి ఫోను చార్జరుది కూడా. సెల్ఫ్ మోటారు కూడా అదే బ్యాటరీ మీద ఉంటే ఈ వంద ఆంపియర్ల షంట్ ఆగదు, మాడిపోతుంది, పెద్దది వెయ్యాలి. అసలు సెల్ఫ్‌కి ఒక బ్యాటరీ, లైట్లకీ వైర్‌లెస్‌కీ వేరే బ్యాటరీ పెట్టుకుంటే ఈ గొడవే లేదు. లైట్లు బ్యాటరీని తినేసినా ఇంజను స్టార్టవుతుంది.

ఇంకొకటి. ఈ గుమాస్తా రోజూ కొంచెం కొంచెం తప్పు రాస్తాడు. సీసం బ్యాటరీకి వంద పోస్తే వందా తిరిగి రాదు, ఎనభై ఐదో తొంభయ్యో వస్తుంది. ఎంత గట్టిగా లాగితే అంత తక్కువ వస్తుంది. ఇది 1897లో ప్యూకర్ట్ అనే జర్మన్ ఆయన లెక్కకట్టి చూపించాడు. వంద ఏహెచ్ అని డబ్బా మీద ఉంటే, ఐదు ఆంపియర్ల చొప్పున లాగితే ఇరవై గంటలు వస్తుందని దాని అర్థం. ఇరవై ఆంపియర్లు లాగితే ఐదు గంటలు రావాలి కదా? నాలుగు కూడా రావు. కాబట్టి గుమాస్తా లెక్కా అసలు నిల్వా మెల్లగా విడిపోతాయి. బ్యాటరీ నిజంగా నిండినప్పుడల్లా తెర తనంతట తనే వంద దగ్గర సర్దుకుంటుంది. 14.2 వోల్టులు దాటి, లోపలికి పోయే కరెంటు బ్యాటరీ సైజులో నూటికి రెండు మూడు వంతులకి పడిపోతే నిండినట్టు అని దానికి మనం ముందే చెప్పిపెట్టాలి. వారాల తరబడి బ్యాటరీ ఒక్కసారీ నిండకపోతే తెర మీద శాతానికి విలువ లేదు. రోకడ నిల్వ సరిచూడని చిట్టా అది.

ఇక నాకు ఎక్కువగా వచ్చే ఫోను. మధ్యాహ్నం పన్నెండింటికి చేస్తారు. "పొద్దున పదింటికి ఐదు ఆంపియర్లు చూపించింది, ఇప్పుడు నడినెత్తిన ఎండ, ఒక్క ఆంపియరే చూపిస్తోంది, ప్యానెల్ పోయిందండీ" అంటారు. నేను అడుగుతాను, ఫ్యాను వెయ్యండి, లైట్లన్నీ వెయ్యండి, ఇప్పుడెంత? "నాలుగున్నర." ప్యానెల్ పోలేదు బాబూ. బ్యాటరీ నిండుకు వచ్చింది, ఇక చాలు అంటోంది, కంట్రోలరు చెయ్యి వెనక్కి తీసింది. అడిగితే మళ్ళీ పెడుతోంది. కడుపు నిండినవాడు అన్నం వద్దంటే వంటమనిషిని తిడతామా? లైట్లు వేసినా అదే ఒక్క ఆంపియరు ఉంటే, అప్పుడు పైకెక్కి చూడాలి.

దీనికి ఎదురు జబ్బు ఒకటుంది, అది ప్రమాదం. పొద్దున్నే ఎండ తగలగానే అరగంటలో 14.4కి వెళ్ళిపోతుంది. "ఎంత తొందరగా నిండుతోందో చూడండి" అని సంబరం. సాయంత్రం రెండు బల్బులు వేస్తే గంటలో డౌను. కుండలో ఇసుక పేరుకుపోతే చెంబుడు నీళ్ళకే నిండుతుంది కదా, అదే. చాలాకాలం అరకొరగా ఉన్న సీసం బ్యాటరీలో పలకల మీద సల్ఫేటు గట్టిపడిపోయి చోటు లేకుండా పోతుంది. తొందరగా నిండే బ్యాటరీని చూసి మురిసిపోకండి.

పైకెక్కి చూస్తే ఏం కనపడుతుందో చెప్పనా? నవ్వకండి. నేను ఒక బోటు ఎక్కితే ప్యానెల్ మీద నెత్తళ్ళు ఆరబోసి ఉన్నాయి. అద్దం వేడిగా ఉంటుంది, తొందరగా ఎండుతాయి అన్నాడు కుర్రాడు. తెలివైనవాడే! ఇంకో బోటులో వల ఆరేశారు. వల మీద పడ్డ నీడ ఎంతండీ, దారాలే కదా అంటారు. ప్యానెల్‌లో 36 సెల్లులుంటాయి, దండలో పువ్వుల్లా ఒకదాని వెనక ఒకటి. ఒక్క సెల్లు నీడలో పడితే దండ మొత్తానికి కరెంటు దారి ఇరుకవుతుంది. లోపల, నీడ పడ్డ భాగాన్ని తప్పించి కరెంటుని పక్కదారిన పంపే బైపాస్ డయోడ్లు ఉంటాయి కాబట్టి మొత్తం ఆగిపోదు, కాని మాస్టు కర్ర నీడ అడ్డంగా ఒక్క చార పడితే సగం పోయిన సందర్భాలు నేను మీటరుతో చూశాను. లంగరు మీద బోటు తిరుగుతూనే ఉంటుంది, నీడా తిరుగుతుంది. అందుకే ఒక్కసారి చూసి తీర్పు చెప్పకూడదు. పక్షుల రెట్ట, ఉప్పుపొర రెండూ మంచినీళ్ళతో తుడవండి. సముద్రపు నీళ్ళు కొట్టి కడిగితే ఇంకో ఉప్పుపొర వేసినట్టే.

రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండ కదా, అప్పుడు ప్యానెల్ ఎక్కువ ఇస్తుందని మీ అందరి నమ్మకం. ఇవ్వదు. ప్యానెల్ మీద రాసే వంద వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. ఒక్కో డిగ్రీకి నూటికి 0.4 చొప్పున తగ్గుతుంది. ఈ ఎండలో అద్దం 65 డిగ్రీలకి కాలితే నలభై డిగ్రీలు ఎక్కువ, అంటే నూటికి పదహారు పోయినట్టే. పైకప్పుకి అతికించెయ్యకుండా కింద నాలుగు వేళ్ళ సందు వదిలితే గాలి ఆడి కొంత మిగులుతుంది.

వేడి బ్యాటరీకీ ఉంది. మనం బ్యాటరీ ఎక్కడ పెడతాం? ఇంజను పక్కన. కంట్రోలరు వీల్‌హౌస్‌లో చల్లగా కూర్చుంటుంది. బ్యాటరీ 45 డిగ్రీల దగ్గర ఉంటే చార్జింగు వోల్టేజి దాదాపు అర వోల్టు తగ్గించాలి, 14.4 బదులు 13.9. లేకపోతే నీళ్ళు ఉడికిపోతాయి. కంట్రోలరుతో వచ్చే చిన్న వైరు, చివర బొడిపెలాంటిది ఉంటుంది చూశారా, మీరందరూ పెట్టెలోనే వదిలేసేది? అదే వేడి చూసే సెన్సారు. దాన్ని బ్యాటరీకి తగిలించండి.

అందుకే ఈ నిషేధం రోజుల గురించి ప్రత్యేకం చెప్పాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. బోటు కట్టేసి ఉంది, వాడకం లేదు, ఎండ మండిపోతోంది. కొందరు ప్యానెల్ వదిలేస్తారు. చవక కంట్రోలరు సరిగ్గా తగ్గించకపోతే రెండు నెలలు బ్యాటరీ ఉడుకుతుంది, జూన్ 15న మూత తీస్తే పలకలు బయటపడి ఉంటాయి. కొందరు జాగ్రత్తపరులు ప్యానెల్ విప్పేస్తారు. ఈ వేడికి బ్యాటరీ తనంతట తనే కారిపోయి, సగంలో ఉండి, సల్ఫేటు పడుతుంది. ఎవరు తెలివైనవాళ్ళు? ఇద్దరూ కాదు. ప్యానెల్ ఉంచండి, కంట్రోలరు 13.5 నుంచి 13.8 మధ్య ఆగుతోందా అని వారానికోసారి చూడండి, పదిహేను రోజులకోసారి మూతలు తీసి డిస్టిల్డ్ వాటర్ పొయ్యండి. ఎలాగూ వల బాగుచేసుకోవడానికి రోజూ వస్తారు కదా.

ఏవైనా అడగాలా? అడగండి.

లిథియం గురించి అడుగుతున్నారు. బరువు తక్కువ, మంచిదే. కాని ఇందాకటి వోల్టుల తూకం దానికి పనికిరాదు. నిండుకి కొంచెం కింద మొదలుపెట్టి పావు దాకా 13.2, 13.3 దగ్గరే కదలకుండా కూర్చుంటుంది. తర్వాత ఒక్కసారిగా లోపలి రక్షణ బోర్డు కట్ చేసేస్తుంది. లైటు పసుపు పచ్చగా మారదు, ఎర్రబడదు, టప్పున ఆరిపోతుంది. లిథియం పెట్టుకునేవాళ్ళకి షంట్ తప్పనిసరి.

ఏం తమ్ముడూ? ఇంజను కూడా సోలారుతో నడవదా అని. కేరళలో నడుస్తోంది. వేంబనాడ్ సరస్సులో వైక్కం నుంచి తవణక్కడవు దాకా ఆదిత్య అని ప్రయాణికుల బోటు, 2017 జనవరి నుంచి తిరుగుతోంది, 75 మంది పడతారు. కాని దాని మీద ప్యానెల్ ఎంత? 20 కిలోవాట్లు. కప్పంతా ప్యానెలే. బ్యాటరీ 50 కిలోవాట్-అవర్లు. అలలు లేని సరస్సు, మూడు కిలోమీటర్లు కూడా లేని దాటుడు. మన సంగతి చూడండి. వంద గుర్రాల ఇంజను అంటే 75 కిలోవాట్లు. మీ కప్పు మీద మూడు వందల వాట్ల ప్యానెల్ రోజుకి ఒక కిలోవాట్-అవర్ ఇస్తుంది. 75 రోజులు చార్జింగు పెడితే ఒక గంట వల లాగొచ్చు. నిషేధం 61 రోజులే ఇచ్చారు మరి!

వైర్‌లెస్‌లో గుయ్యిమని రొద వస్తోందంటున్నారు వెనకాయన. ప్యానెల్ మీద తార్పాలిన్ కప్పి వినండి. రొద ఆగిపోతే కంట్రోలరు చేస్తోంది, దాన్ని వైర్‌లెస్‌కీ యాంటెన్నా వైరుకీ దూరంగా జరపండి. దిక్సూచికి కూడా దూరంగా ఉంచండి. కరెంటు పోయే వైరు పక్కనుంటే ముల్లు పక్కకి లాగుతుంది. ప్లస్సు, మైనస్సు వైర్లు రెండూ జడలా పెనవేసి లాగితే ఆ బాధ తగ్గుతుంది.

సరే, ఇప్పుడు ఈ బ్యాటరీ. బాబాయ్, మీరే రండి, మీదని అందరికీ ఎలాగూ తెలిసిపోయింది. ఎర్రది ఇక్కడ, నల్లది అక్కడ. గట్టిగా నొక్కండి. ఎంత? గట్టిగా చదవండి. 12.31. నిన్న సాయంత్రం 13.7, ఇప్పుడు 12.3. సగానికి కొంచెం పైన. ఇది ఎండ మీద నిలబడ్డ బ్యాటరీ, నెల నుంచి వాడకం కూడా లేదు. నిండుగా ఉండాలి కదా? ఎందుకు లేదు?

బ్యాటరీలో ఆసిడ్ చిక్కదనం కొలిచే ఆ హైడ్రోమీటరు ఇటివ్వండి. మూతలు తియ్యండి, మొహం దూరంగా పెట్టండి, బీడీ తాగేవాళ్ళు బయటికి వెళ్ళండి. మొదటి సెల్లు, 1.220. రెండోది, 1.220. మూడోది... మళ్ళీ తీద్దాం. 1.140. నాలుగు, 1.220. ఐదు, 1.225. ఆరు, 1.220. మూడో సెల్లు చూశారా? మీటరు ఆరు సెల్లులూ కలిపి ఒకే అంకె చెప్పింది, విడివిడిగా చూస్తేనే ఇది దొరికింది. బాబాయ్, దీన్ని ఇలాగే ఉంచండి, నీళ్ళు సమంగా పోసి, ఒడ్డున చార్జరు మీద ఒక రోజు మెల్లగా ఎక్కించి మళ్ళీ కొలుద్దాం. అప్పటికీ మూడోది లేవకపోతే వేటకి ఇది వద్దు. మిగతావాళ్ళు పదండి, రెండో జెట్టీ దగ్గర బోటు మీద ప్యానెల్ ఉంది, షంట్ బిగించి చూపిస్తాను. ఆ చిన్న స్పానరు ఎవరైనా పట్టుకురండి, పది నంబరుది.